ఎలుగుబంటిని ఎట్ల తింటం మామా?

తెలుగులో 'తిను' పక్కనే 'తినిపించు' అని ఇంకో మాట ఉంది. తినడానికి ఒక్క మనిషి, కొంచెం ఆకలి ఉంటే సరిపోతుంది. తినిపించడానికి ఇద్దరు కావాలి. ఆ ఇద్దరిలో ఒకరికి నాలుగేళ్లయితే ఇంట్లో మిగిలిన వాళ్లందరూ కావాలి. పక్కింటి వాళ్లు, పిట్టగోడ మీద కాకి, ఒక్కోసారి పోలీసులు, బూచివాడు కూడా కావాలి.

నేను ఉండేది అశోక్‌నగర్‌లో, మా అక్కావాళ్లింట్లో. పగలంతా చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుకుంటాను. అక్కకి కోఠిలో ఆఫీసు. పొద్దున ఎనిమిదింటికి చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, నారాయణగూడ దాటి సుల్తాన్ బజార్‌లో దిగిపోతుంది. తిరిగి ఇంటికి వచ్చేసరికి రాత్రి ఏడున్నర. బావది ఊళ్లు తిరిగే ఉద్యోగం. కాబట్టి సాయంత్రం పూట మా మేనకోడలికి అన్నం పెట్టే డ్యూటీ నాది. లైబ్రరీలో నా పక్కన కూర్చునే ఫ్రెండ్స్ దీన్ని 'గ్రూప్ వన్ మెయిన్స్ కన్నా కష్టమైన పేపర్' అంటారు. వాళ్లకి తెలీక తక్కువ చేసి చెప్తున్నారు.

పాప తినేవి: పెరుగన్నం, అప్పడం, ఆలుగడ్డ వేపుడు, ఇడ్లీ, నెయ్యేసిన పప్పన్నం. పప్పన్నానికి ఒక షరతు. అందులో కొత్తిమీర కనిపించకూడదు. గోరంత ఆకు ముక్కని కూడా పోలీసు కుక్కలాగా పట్టేస్తుంది. తీసి, కంచం అంచున పెట్టి, మొత్తం కంచాన్నే దూరం జరుపుతుంది. పచ్చగా ఉండేది ఏదైనా 'ఆకు'. ఆకులు మేకలు తింటాయి. తను మేక కాదు. ఈ వాదనలో ఎక్కడ తప్పుందో రీజనింగ్ చదువుకుంటున్న నాకే దొరకదు.

స్కూల్ నుంచి డబ్బా వెళ్లింది వెళ్లినట్టే వచ్చేది. డైరీలో ఎర్ర ఇంకుతో 'లంచ్ తినలేదు' అని రాసి ఉండేది. అక్క ఆ మాటని తనకొచ్చిన మార్కులాగా చదువుకునేది. పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన బరువు తూచి, కార్డు మీద చుక్క పెట్టి, పుట్టినప్పటి నుంచి ఉన్న చుక్కలన్నీ కలిపి గీత చూపించాడు. గీత తన దారిన తను పైకి పోతూనే ఉంది. మొదటి ఏడాదిలో పిల్లల బరువు పుట్టినప్పటి కంటే మూడింతలవుతుందట. ఆ తర్వాత ఐదేళ్లు వచ్చేదాకా ఏడాదికి సుమారు రెండు కిలోలే. పెరగడం నెమ్మదించినప్పుడు ఆకలీ నెమ్మదిస్తుంది. రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండిని అనుమానంగా చూడటం కూడా మామూలేనట. "ఆడుకుంటోందా? నిద్రపోతోందా? మరి ఇంకేం కావాలమ్మా?" అన్నాడు.

అక్క ఇంటికొచ్చి అమ్మకి ఆ గీత చూపించింది. మిర్యాలగూడ దగ్గర మా ఊరి నుంచి వచ్చి మా దగ్గర రెండు నెలలు ఉండిపోయిన అమ్మ, పాప గౌను కొంచెం జరిపి మెడ కింది ఎముక చూపించింది. "గీతలు నాకెందుకే? గిది జూడు" అంది.

ఇక అప్పటి నుంచి మా ఇంట్లో బొమ్మల కంచాలు మొదలయ్యాయి.

అక్క ఒక ఆదివారం బేగంబజార్ పోయి స్టీలు అచ్చులు తెచ్చింది. నక్షత్రం, పువ్వు, సీతాకోకచిలుక, ఎలుగుబంటి. పొద్దున ఐదున్నరకే లేచి ఫోన్‌లో వీడియో ఆన్ చేసుకుని, క్యారెట్టుని సన్నగా చెక్కుతూ కూర్చునేది. జపాన్‌లో తల్లులు పిల్లల డబ్బాల్లో అన్నంతో పాండాలు, కార్టూన్ ముఖాలు చేస్తారట. దానికి క్యారాబెన్ అని ఒక పేరు కూడా ఉంది. మా వంటింట్లో ఆ కళ ఇడ్లీతో మొదలైంది. పెద్ద ఇడ్లీ ముఖం, రెండు చిన్న ఇడ్లీలు చెవులు, ఎండుద్రాక్షలు కళ్లు, క్యారెట్ నోరు. ఎలుగుబంటి నిజంగా ముద్దుగా ఉంది. నాకే పెట్టుంటే బాగుండనిపించింది.

పాప చూసి చప్పట్లు కొట్టింది. కంచాన్ని ఒళ్లో పెట్టుకుని దానికి పేరు పెట్టింది. నేను ఒక చెవి తుంచి చట్నీలో ముంచేసరికి ఇల్లు దద్దరిల్లేలా ఏడ్చింది.

"ఎలుగుబంటిని ఎట్ల తింటం మామా? దానికి నొస్తది!"

రెండో రోజు పాలకూర చపాతీ సీతాకోకచిలుక. అది ఇల్లంతా ఎగిరి కిటికీ ఊచల మధ్య వాలింది. మర్నాటికి అక్కడే ఎండి చీమలకి విందయింది. మూడో రోజు దోసకాయ పడవ. మెంతికూర నింపిన ఆ పడవ చారులో ప్రయాణించి, గిన్నె అంచుకి తగిలి మునిగిపోయింది. ఇడ్లీ ఎప్పుడూ తినే పిల్ల, ఎలుగుబంటి పుణ్యమాని వారం పాటు ఇడ్లీ కూడా మానేసింది. ఆటలు బ్రహ్మాండంగా నడిచాయి. అన్నం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అక్కకి ఏడుపొచ్చేది. నిద్ర మానుకుని చేసింది కదా.

బొమ్మలు పెడితే పిల్లలు తింటారనే నమ్మకం ఎక్కడిదా అని నేను లైబ్రరీ వైఫైలో వెతికాను. ఇండియన్ పాలిటీ పుస్తకం తెరిచి పెట్టుకుని చదివింది ఇదే. 2012లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రయాన్ వాన్సింక్ బృందం ఒక చిన్న పరిశోధన అచ్చేసింది. ఆపిల్ మీద ఎల్మో అనే కార్టూన్ బొమ్మ స్టిక్కర్ అంటిస్తే పిల్లలు బిస్కెట్ వదిలి ఆపిల్ ఎక్కువగా తీసుకున్నారని. పేపర్లు, టీవీలు ఎగబడి రాశాయి. 2017లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లల మీద చేశామని రాసిన పరీక్ష నిజానికి మూడు నుంచి ఐదేళ్ల పిల్లల మీద చేసిందట. ఆయన ఇతర పరిశోధనల్లో కూడా లెక్కలు తేడాగా కనిపించాయి. 2018లో యూనివర్సిటీ విచారణ ఆయన్ని తప్పుపట్టింది, ఆయన రాజీనామా చేశాడు. అలాగని బొమ్మల కంచం ఎవరికీ పనికిరాదని నేను అనను. ఒక పిల్ల చేయి ముందుకి చాపడానికి అది చాలు. చాపిన చేయి నోటిదాకా వెళ్లాలంటే ఇంకేదో కావాలి.

ఆ ఇంకేదో ఏంటో చెప్పే పరిశోధనలూ ఉన్నాయి. 2006లో అచ్చయిన ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. బడికి వెళ్లని వయసు పిల్లలకి రెండు రకాల సూప్ ఇచ్చి, ఒకదానికి మాత్రం 'సూప్ పూర్తిగా తాగు' అని పదే పదే చెప్పారు. చెప్పిన సూప్‌ని పిల్లలు తక్కువ తాగారు, దాని మీద ఎక్కువ విసుక్కున్నారు. ఎవరూ ఏమీ అనని సూప్‌ని ఎక్కువ తాగారు. దీన్ని అమ్మకి చెప్తే "అమెరికా పిల్లలకు ఆకలెక్కువ" అంది.

అమ్మ మాటని నవ్వి వదిలేయలేను. ఆమెది ఆరుగురు పిల్లల ఇల్లు. జొన్న గటక, ఎప్పుడన్నా పండక్కి వరన్నం. "మమ్మల్ని తినుమని ఎవలూ బతిలాడలె బిడ్డా. ఇంగ అడగకుంటే సాలనుకుంటుండె మా అమ్మ" అంటుంది. అన్నం పారేస్తే కండ్లు పోతాయని ఆమె ఇప్పటికీ నమ్ముతుంది. ఆమె చేతిలో మిగిలిపోయిన ముద్ద ఒట్టి ముద్ద కాదు. వాళ్లమ్మకి దొరకని ముద్ద. దాన్ని మనవరాలి నోట్లోకి ఎట్లాగైనా చేర్చాలి. బతిమాలో, బెదిరించో, మాయ చేసో.

అక్క దగ్గర ఉన్న మాయ ఫోను. ఫోన్ ముందు పెడితే పదిహేను నిమిషాల్లో గిన్నె ఖాళీ. నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. కళ్లు మాత్రం కదలవు. ఏం కూర తిన్నావే అని అడిగితే చెప్పలేదు. బీరకాయ, సొరకాయ, ఏది పెట్టినా లోపలికి పోతుంది, ఏదీ తెలియదు. ఒక రాత్రి ఈ ఫోన్ మీదే అమ్మకీ అక్కకీ పెద్ద గొడవైంది.

"నువ్వు చందమామను జూపిస్తే ముద్దు, నేను ఫోన్ జూపిస్తే తప్పా అమ్మా? రెండూ నోరు తెరిపియ్యనీకే గద!"

ఆ ప్రశ్న విని నేను కూడా ఆగిపోయాను. మనందరికీ చందమామ అన్నం ముద్ద పక్కనే పరిచయమయ్యాడు. పదిహేనో శతాబ్దంలో అన్నమాచార్యుడు చందమామని పిలుస్తూ కీర్తన రాశాడు. అందులోనూ అడిగేది బంగారు గిన్నెలో పిల్లవాడికి పెట్టడానికి ఏదైనా తెమ్మనే. అంటే కనీసం ఐదొందల ఏళ్లుగా తెలుగు తల్లులు పిల్లల కళ్లని ఆకాశానికి తిప్పి, నోట్లో ముద్ద పెడుతున్నారు. మరి అది దృష్టి మళ్లించడం కాదా? అక్క అడిగిన దాంట్లో న్యాయం ఉంది.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "చందమామ మాట్లాడడు గదనే. నేనే మాట్లాడాలె" అంది.

ఆ జవాబు తన దగ్గర అంత తయారుగా ఉందని అమ్మకే తెలిసుండదు. చందమామకి కథ లేదు, పాట లేదు, బొమ్మలు మారవు. అన్నం పెట్టే మనిషి మాట్లాడకపోతే రెండు నిమిషాల్లో పిల్ల దిగి పోతుంది. మాట్లాడాలంటే పిల్ల ముఖం చూడాలి. చూస్తే బుగ్గలో ముద్ద ఇంకా ఉందో, మింగిందో తెలుస్తుంది. ఫోన్ దగ్గర మాట్లాడే పని కార్టూన్ చూసుకుంటుంది. మనకి మిగిలేది చేయి ఒక్కటే. అయినా ఒకటి ఒప్పుకోవాలి. పిల్ల తల తిప్పేసుకున్నాక కూడా, అదిగో చందమామ అని ముద్ద కుక్కితే ఆ చందమామ కూడా ఫోనే.

ఆ తర్వాత నేను అమ్మ చేతిని జాగ్రత్తగా చూడటం మొదలుపెట్టాను. అన్నం మెత్తగా పిసికి, పిల్ల నోటికి సరిపడా గోరుముద్దలు చేసి కంచం చుట్టూ వరసగా పెడుతుంది. ప్రతి ముద్దకీ ఒక యజమాని. ఇది అమ్మ ముద్ద, ఇది నాయిన ముద్ద, ఇది మామ ముద్ద, ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద. ఏ ముద్ద ముందు తినాలో పాప చెప్తుంది. మామ ముద్ద ఎప్పుడూ చివర్న. కాకి ముద్ద పాప తినదు, పిట్టగోడ మీద పెట్టి వస్తుంది. నాలుగు ముద్దలు తన నోట్లోకి పోతే ఒకటి కాకికి. అమ్మ ఆ లెక్క దగ్గర ఎప్పుడూ గొడవ చేయలేదు. బొమ్మల కంచంలో అంతా ముందే తయారై ఉంటుంది. పిల్లకి మిగిలింది తినడమో మానడమో. ముద్దల వరసలో పిల్లకి చేయడానికి పనుంది.

తినిపించడం అయ్యాక ఇంకో ఆట. మీ అందరికీ తెలిసే ఉంటుంది. పిల్ల అరచేతిలో మోచేత్తో పప్పు రుబ్బి, ఒక్కో వేలికి ఒక్కో వంటకం వడ్డించి, వేలు ముడిచి, చివరికి దారి వెతుక్కుంటూ రెండు వేళ్లతో చేయి మీదుగా నడుచుకుంటూ చంకలో చక్కిలిగింతలు పెట్టే ఆట. ఎన్నిసార్లు ఆడినా, ఆ వేళ్లు మోచేయి దాటకముందే పాప నవ్వడం మొదలుపెడుతుంది. ఇన్నేళ్లలో నేను గమనించని సంగతి ఒకటుంది. ఆ భోజనంలో ఒక్క మెతుకు లేదు. పప్పు, కూర, నెయ్యి అన్నీ ఉత్తుత్తివే. ఎవరూ తినక్కర్లేదు. తిండి పేర్లతో పిల్లకి సరదా అలవాటు చేసి వదిలేస్తుంది. మన పాతవాళ్లు ఆటని కంచంలో కాకుండా అరచేతిలో పెట్టారు.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఉస్మానియా వైపు వెళ్లే ప్రతి ఒక్కరూ దాని గోడ పక్క నుంచి పోయే ఉంటారు. 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు మా నల్లగొండ జిల్లాలోనే ఒక పరిశోధన చేశారు, 2013లో అచ్చయింది. అరవై ఊళ్లు, ఆరువందల మంది తల్లులు, వాళ్ల చంటిపిల్లలు. ఊళ్లని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో గుంపు ఇళ్లకి వెళ్లి ఏ వయసులో ఏం పెట్టాలో కూడా నేర్పారు. మూడో గుంపుకి వాటితో పాటు ఇంకో రెండు నేర్పారు. పిల్ల ఆకలి సైగలు, చాలనే సైగలు చూసి తినిపించడం, చిన్న చిన్న బొమ్మలతో పిల్లతో ఆడటం. ఏడాది తర్వాత చూస్తే, ఎత్తు పెరగడంలో రెండో గుంపు పిల్లలు మొదటి గుంపు కంటే కాస్త ముందున్నారు. మానసిక వికాసం పరీక్షలో మొదటి గుంపు కంటే ముందున్నది మూడో గుంపు, ఆడుతూ తిన్న పిల్లలు.

నాకిది చాలా నచ్చింది. ఆట వల్ల పిల్లలు రెండు ముద్దలు ఎక్కువ తింటారని కాదు. ఆట పనిచేసే చోటు వేరే అని. మనం ఆటని ముద్దకి ఎరగా వాడతాం. పిల్లకి మాత్రం ఎదురుగా ఉన్న మనిషి తన మాట వింటున్నాడా లేదా అన్నది ముఖ్యం. పిల్లల తిండి గురించి అమెరికన్ డైటీషియన్ ఎలిన్ సాటర్ ఎనభైల్లోనే ఒక పని విభజన చెప్పింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. చదవడానికి చాలా తేలిక. అమ్మ పక్కన కూర్చుని పాటించడానికి చాలా కష్టం.

ఆట అంటే ఎదుటివాళ్లకి కాదనే వీలుండాలి. క్రికెట్‌లో బౌలర్ వేసిన ప్రతి బంతికీ బ్యాట్స్‌మన్ అవుటవ్వాలని ముందే ఒప్పందం ఉంటే దాన్ని ఎవరూ ఆట అనరు. ఇడ్లీ ఎలుగుబంటి ముఖం పెట్టుకుని వచ్చినా, దాని వెనక 'మొత్తం తినాల్సిందే' అనే మాట ఉంటే పిల్ల అది కనిపెట్టేస్తుంది. కొత్తిమీర ముక్కని కనిపెట్టే పిల్లకి ఇదెంత?

నేను పోయిన చలికాలం ఆదివారాలు పాపని తీసుకుని కోఠి పోయేవాణ్ని. నాకు ఫుట్‌పాత్ మీద పాత గైడ్లు కావాలి. తనకి మెట్రో కావాలి. అక్కణ్నుంచి బడీచౌడీ కూరగాయల మార్కెట్టు. ఒకటే రూలు: తనకి నచ్చిన ఒక్క కూరగాయ కొనుక్కోవచ్చు, తినక్కర్లేదు. మొదటి వారం తనంత పొడుగున్న పొట్లకాయ పట్టుకుంది. అమ్మే ఆమె దాని కొసకి పాదు మీద ఉన్నప్పుడు రాయి కడతారని, లేకపోతే వంకర్లు తిరుగుతుందని చెప్పింది. ఆ సంగతి పాప ఇప్పటికి నలభై మందికి చెప్పుంటుంది. ఆ పొట్లకాయ మెట్రోలో పాములాగా ప్రయాణం చేసింది. ఇంటికొచ్చాక చక్రాలుగా తరిగితే గాజులైంది. బెండకాయ తెచ్చిన వారం తొడిమలు నుదుటికి అంటించుకుని రాణి అయింది. అమ్మ ఊరుకోక, "తింటే లెక్కలొస్తయ్ బిడ్డా" అంది. "నాకు లెక్కలొద్దు" అని రాణి ఆజ్ఞ.

ఆ వారాల్లో పాప ఏమీ తినలేదు. అమ్మకి కోపం. "కొనుడేమో కొంటున్నరు, తినుడేమో లేదు." మూడోసారి పొట్లకాయ తెచ్చినప్పుడు అక్క శనగపిండిలో ముంచి గాజుల్ని గాజుల్లాగే వేయించింది. పాప ఒకటి చేతికి తొడుక్కుని, వేడి తగ్గాక అంచు కొరికి చూసి, మిగిలింది నాకిచ్చేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టొద్దని నేను ముందే అందరికీ చెప్పి ఉంచాను. తర్వాతి వారం ఒక గాజు పూర్తిగా తిన్నది.

ఆ తర్వాత లక్కపిడతలు వచ్చాయి. అక్క ఫ్రెండు వైజాగ్ నుంచి వస్తూ ఏటికొప్పాక సెట్టు తెచ్చింది. అంకుడు కర్రని తిప్పి, లక్క పట్టించి చేసే చిన్న చిన్న గిన్నెలు, తిరగలి, పొయ్యి. మా ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. పాప హోటల్ ఓనరు. నేను కస్టమరు. "ఏం గావాలె సార్?" అని రాసుకుంటుంది. నిజం అటుకులు, పుట్నాలు, బెల్లం ముక్క, సన్నగా తరిగిన క్యారెట్టు, ఒక్కోరోజు ఉడికిన బీన్స్. వడ్డించే ముందు వంట చేసినవాళ్లు ఉప్పు చూడాలి కదా. తను చూస్తుంది. చూసి తల ఊపుతుంది. కొన్నిసార్లు ఎంత చూస్తుందంటే కస్టమర్‌కి ఏమీ మిగలదు.

అన్నిటికంటే నాకు నచ్చింది, ఈ ఆటకి పొద్దున ఐదున్నరకి లేవక్కర్లేదు. బొమ్మల కంచాల ఫోటోలు అందంగా ఉంటాయి గానీ, ఆ ఫోటోల్లో కనిపించని మనిషి ఒకరుంటారు. క్యారెట్టు చెక్కే తల్లి. పిల్ల తినకపోతే తల్లికి వంట రాదంటారు, ఓపిక లేదంటారు, ఆఫీసుకి పోతుందంటారు. డైరీలో ఎర్ర ఇంకు ఆమెకే. నాన్నకి గానీ మేనమామకి గానీ ఎవరూ రాయరు. పిల్లతో ఆడటం కూడా తల్లి చేయాల్సిన ఇంకో వంటకంగా మారిపోతే అది ఆమెకి రెండో షిఫ్టు. మా దగ్గర అన్నప్రాశన రోజు పిల్ల ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు. చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుంటారు, ఏది పట్టుకున్నా అందరూ నవ్వుతారు. పిల్ల తినే మొదటి ముద్ద రోజు ఆట అందరిదీ. ఆ ఒక్కరోజు దాటాక అది తల్లి ఒక్కదాని పనైపోతుంది. ఆరుగురు పిల్లల ఇంట్లో తినిపించిన అన్నలు, అక్కలు, మేనత్తలు, మామలు ఇప్పుడు ఎక్కడో గ్రూప్స్‌కి చదువుకుంటూ ఉంటారు. లైబ్రరీ ఏడింటికి వదిలి వెళ్లినా సిలబస్ ఎక్కడికీ పోదు.

ఇదంతా చదివి పాప ఇప్పుడు అన్నీ తింటోంది అనుకోకండి. పొట్లకాయ తింటుంది, వేపుడైతేనే. బీన్స్ హోటల్లో తింటుంది, కంచంలో తినదు. కొత్తిమీర ఇంకా ఆకే. డాక్టర్ కార్డు మీద గీత ఎప్పటిలాగే తన దారిన తను పోతోంది. ఫోన్ పూర్తిగా పోలేదు. అక్కకి జ్వరం వచ్చిన వారం మళ్లీ వచ్చింది, తగ్గాక తగ్గింది. అమ్మ ఊరెళ్లిపోయింది. రోజూ ఎనిమిదింటికి ఫోన్ చేసి అడిగే మొదటి మాట మాత్రం మారింది. ఇంతకుముందు "ఎన్ని ముద్దలు తిన్నది?" అనేది. ఇప్పుడు "ఇయ్యాల హోటల్ల ఏం వండింది?" అంటోంది.

మొన్నొక రాత్రి అక్క తొమ్మిదింటికి వచ్చింది. మెట్రోలో నిలబడీ నిలబడీ కాళ్లు లాగుతున్నాయని కంచం ముందు పెట్టుకుని అలాగే కూర్చుంది. పాప తన చిన్న లక్క గిన్నెతో వచ్చి, అందులోకి అన్నం, పప్పు తీసుకుని, అమ్మమ్మలాగే పిసికింది. సగం అన్నం కింద పడింది. ముద్దలు వరసగా పెట్టింది. ఇది అమ్మమ్మ ముద్ద, ఇది నాన్న ముద్ద, ఇది కాకి ముద్ద. అక్క నాలుగు ముద్దలు తిని, కళ్లు మూసుకుని, "చాలే బంగారం" అంది.

నేను చూస్తున్నాను. ఇంకో ముద్ద పాప చేతిలో తయారుగా ఉంది. ఒక్క క్షణం దాన్ని చూసుకుంది. తర్వాత తన నోట్లో వేసుకుని, గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.